కమాన్‌లో రెండు పట్టీలు పెంచితే జిమ్మేదారీ తీరదు

మా మామూ కొడుకు రియాద్ నుంచి తిరిగొచ్చి మోర్తాడ్‌లో స్థిరపడి నాలుగేళ్లయింది. వస్తూ వస్తూ ఒక ఖ్వాహిష్ వెంట తెచ్చుకున్నాడు. అక్కడ చలికాలంలో జుమేరాత్ సాయంత్రమైతే చాలు, అరబ్బు కుటుంబాలు పికప్ బండ్లలో డేరాలు, దుప్పట్లు, నీళ్ల డ్రమ్ములు వేసుకుని రేగిస్తాన్‌లోకి వెళ్లిపోతాయట. రెండు రాత్రులు అక్కడే వండుకుని, తిని, పడుకుని వస్తాయట. పన్నెండేళ్లు వాళ్ల బండ్లు తోలిన మనిషికి, మన అమ్మీని, మన పిల్లల్ని కూడా ఒక్కసారి ఇట్ల తీస్కపోవాలె అనిపించడంలో తప్పేముంది?

ఇప్పుడు అతని దగ్గర ఒక పాత పికప్ ఉంది. మూడు చేతులు మారి వచ్చింది. పసుపు సీజన్‌లో నిజామాబాద్ యార్డుకు బస్తాలు మోస్తుంది, మిగతా రోజుల్లో సిమెంటు, పెళ్లిళ్ల సామాను. మొన్న దాని వెనక ఇనుప యాంగిళ్లతో, రేకులతో, ప్లైవుడ్‌తో ఒక కమ్రా కట్టించాడు. రెండు పడకలు, పైన నీళ్ల ట్యాంకు, మూలకు పొయ్యి గట్టు, కిటికీలకు పర్దాలు. ముందు బడా పహాడ్ ఉర్సు, తర్వాత గుల్బర్గా, ఇన్షా అల్లా ఒకనాడు అజ్మీర్. ఇదీ ప్లాను.

కమ్రా ఎక్కించగానే బండి వెనక కూర్చుండిపోయింది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా మిగల్లేదు. హైవే మీద ఒక కార్ఖానాకు తీసుకుపోతే మిస్త్రీ కింద పడుకుని చూసి, లేచి చేతులు తుడుచుకుంటూ అన్నాడట: "దో పట్టే డాల్ దేతూఁ సేట్, హాథీ బిఠావ్, కుచ్ నై హోతా." రెండు పట్టీలు వేస్తా, ఏనుగును కూర్చోబెట్టు, ఏమీ కాదు అని. లారీ కమాన్‌లోంచి తీసిన పట్టీలు రెండు, పక్కకు రెండు చొప్పున, వేసి పంపాడు. బండి లేచి నిలబడింది. మావాడు ఫోటో తీసి నాకు పంపాడు. "దేఖో భాయ్‌జాన్, ఎట్ల నిలవడ్డదో."

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఫోటో గురించే. బండి నిలబడిన మాట నిజం. కానీ నిలబడటం వేరు, మోయడం వేరు. మన ఇళ్లల్లో చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు. పసుపు బస్తాల విషయంలో అనుకుంటే నష్టం బస్తాలకు. అమ్మీ, భాభీ, పిల్లలు ఎక్కే బండి విషయంలో అనుకుంటే?

కమాన్ అంటే విల్లు. ఫార్సీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి మన మెకానిక్ షెడ్లకు వచ్చిన మాట. పేరే దాని పని చెబుతుంది: వంగాలి, మళ్లీ లేవాలి. బక్రీద్ ముందు లొహార్ దగ్గర మనం చేయించుకునే ఛురీల్లో చాలా వాటికి ఉక్కు పాత కమాన్ పట్టీల నుంచే వస్తుంది. అంత మంచి ఉక్కు అది. ఆ గుణం దానికి కార్ఖానాలో ఒక లెక్క ప్రకారం కాల్చి, చల్లార్చి, మళ్లీ కొంచెం వేడి చేయడం వల్ల వస్తుంది. కూర్చుపోయిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో వంపు తిప్పితే ఆకారం తిరిగొస్తుంది గానీ ఆ గుణం తిరిగిరాదు. కొన్నాళ్లకు మళ్లీ కూర్చుంటుంది, లేదంటే విరుగుతుంది. అది విరిగేది బండి మన వాకిట్లో ఆగి ఉన్నప్పుడు కాదు, గతుకుల రోడ్డు మీద.

పట్టీలు పెంచడానికీ ఒక హిసాబ్ ఉంది. ఐదు పట్టీల కట్టకు అదే మందం ఉన్న ఆరో పట్టీ చేరిస్తే గట్టిదనం సుమారు ఐదో వంతు పెరుగుతుంది. కానీ పట్టీ మందం రెట్టింపైతే దాని గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే లారీ పట్టీ ఒకటి దూరగానే బండి అంత ధీమాగా లేస్తుంది. కానీ సన్న పట్టీలూ మందం పట్టీ ఒకే కట్టలో ఒకేలా వంగాల్సి వచ్చినప్పుడు ఎక్కువ బాధ పడేది మందం పట్టీయే. భారం సమంగా పంచుకోదు. పైగా ఖాళీగా తిరిగేటప్పుడు ఆ కమాన్ అసలు వంగదు. ప్రతి గుంత దెబ్బా నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది. కమాన్ చెవులు ఛాసిస్‌కు కలిసే చోట పాత బండ్లకు సన్నని పగుళ్లు వచ్చేది ఇందువల్లే.

ఇది కమాన్ కథ. అసలు భయం బ్రేకుల దగ్గర ఉంది.

కమాన్ మార్చినవాడు బ్రేకు మార్చలేదు. ఇరుసు మార్చలేదు, బేరింగులు మార్చలేదు, టైర్లు మార్చలేదు. ఇవన్నీ బండి పుట్టినప్పుడు ఒక వజన్‌కు లెక్కకట్టి బిగించినవి. కొన్ని పికప్‌లలో ఇంకో చిక్కు ఉంది. వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న వాల్వు ఉంటుంది. వెనక భాగం ఎంత దిగిందో చూసి, దాన్ని బట్టి వెనక చక్రాలకు ఎంత బ్రేకు పంపాలో అది తేల్చుకుంటుంది. లోడుంటే బండి దిగుతుంది, బ్రేకు ఎక్కువ పోతుంది. ఖాళీగా ఉంటే లేచి ఉంటుంది, చక్రాలు జామై బండి తిరగబడకుండా బ్రేకు తక్కువ పోతుంది. ఇప్పుడు మనం పట్టీలు వేసి బండిని లేపాం. పైన టన్నుకు మించి బరువుంది, కానీ బండి దిగలేదు. ఆ వాల్వు బండి ఖాళీ అనుకుంటుంది. ఎక్కువ బ్రేకు కావలసిన రోజునే తక్కువ బ్రేకు పంపుతుంది. బండి కుంగడం అంటే అది తన బాధ చెప్పుకోవడం. మనం బాధ తగ్గించలేదు, దాని నోరు మూశాం.

పోయిన ఇత్వార్ నేను మోర్తాడ్ వెళ్లాను. చాయ్ తాగుతూ బహస్ మొదలుపెడితే తెగదని తెలుసు. అందుకే ఒక్క మాటే అడిగాను. "బండి ఆర్‌సీ తియ్. తీసి ధర్మకాంటాకు పోదాం పా."

ఆర్‌సీ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఖాళీ బండి వజన్, రెండోది లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం వజన్. మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసేస్తే మిగిలేదే మనం ఎక్కించుకోగలిగేది. మావాడి బండికి ఆ తేడా 1050 కిలోలు. కాంటా మీద బండిని ఎక్కించి చూస్తే ఒక్క కమ్రాయే 540 కిలోలు తేలింది. మావాడు మూడు క్వింటాళ్లు దాటదని అనుకుంటున్నాడు.

మిగతా హిసాబ్ కాంటా పక్కన రాయి మీద కూర్చుని కాగితం మీద వేశాం. నీళ్లు 200 లీటర్లు అంటే 200 కిలోలు. లీటరుకు కిలో, ఇందులో బేరం లేదు. గ్యాస్ సిలిండర్లు రెండు. ఒక్కోదాంట్లో గ్యాస్ 14.2 కిలోలే కానీ ఇనుముతో కలిపి సుమారు 30, అంటే రెండూ 60. దేగులు, బియ్యం, పరుపులు, న్యాజ్ సామాను కలిపి 150. ముందు ముగ్గురు, వెనక ఆరుగురు, పిల్లలూ పెద్దలూ కలిపి మనిషికి 50 వేసుకున్నా 450. మొత్తం 1400. బండి మోయగలిగేది 1050. ఎక్కువైంది 350.

మావాడు కాసేపు కాగితం చూసి అన్నాడు: "పసుపు మోసేటప్పుడు ఇంతకన్నా ఎక్కువే వేస్తా కదా భాయ్‌జాన్."

నిజమే, వేస్తాడు. మోర్తాడ్‌లోనే కాదు, అన్ని చోట్లా వేస్తారు. కానీ బస్తాలు బండి అడుగున పరుచుకుంటాయి. ఈ కమ్రా మనిషి ఎత్తు. నీళ్ల ట్యాంకు దాని నెత్తిన ఉంది. బరువు ఎంత పైకి పోతే మలుపు దగ్గర బండి అంత పక్కకు వాలుతుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు బండి వాలిన వైపే పరిగెత్తి ఇంకొంచెం వాల్చుతాయి. కమ్రా వెనక ఇరుసు దాటి పొడుచుకు వచ్చింది కాబట్టి ముందు చక్రాల మీద బరువు తేలికై స్టీరింగ్ చేతిలో తేలుతుంది. ఇవేవీ మోర్తాడ్ గల్లీలో తెలియవు. మన ఎన్‌హెచ్ 63 మీద ఆర్మూర్ దాటాక, ఎదురుగా లారీ వస్తుంటే, గేదె అడ్డం వస్తే తెలుస్తాయి. వేగం 30 నుంచి 60కి పోతే బ్రేకులు చంపాల్సిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. మా దాదా ఎడ్లబండిలో ఉర్సుకు పోయేవాడని చెప్పుకుంటాం. పోయేవాడు, ఎద్దుల నడక వేగంతో.

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. పికప్ మీద కమ్రా పెట్టుకుని తిరిగే అలవాటు అక్కడ బాగా ఉంది. ఆ బండ్ల డోరు దగ్గర కంపెనీవాళ్లు అతికించిన స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని దాని మీద అంకె ఉంటుంది. బండి కుంగకుండా గాలి సంచులు, అదనపు పట్టీలు అక్కడా అమ్ముతారు. కానీ వాటిని అమ్మే కంపెనీలే చెబుతాయి: ఇవి బండిని సమంగా నిలబెడతాయి, బండి మోయదగ్గ వజన్‌ను పెంచవు అని. సరుకు అమ్ముకునేవాడే ఇది చేయదని చెబుతున్నాడంటే ఆ మాటను నమ్మాలి. మన మిస్త్రీ ఏనుగును కూర్చోబెట్టమన్నాడు.

ఇక కానూన్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి సవరణ వచ్చింది. 182ఎ సెక్షన్ కింద ఇలాంటి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మోయదగ్గ వజన్ దాటితే 194వ సెక్షన్ కింద 20 వేలు, దాని మీద అదనపు టన్నుకు 2 వేల చొప్పున. పోలీసులు పట్టుకుంటారా, చాయ్ ఖర్చు తీసుకుని వదిలేస్తారా అన్నది వేరే సంగతి. జుర్మానా కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. మన కుటుంబాల్లో అది చాలామందికి తెలియదు.

సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఏమైనా అయితే ఇన్సూరెన్స్ కంపెనీకి జిమ్మేదారీ లేదు. 2002 డిసెంబర్‌లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి చెప్పిన మాట ఇది. సరుకుతో పాటు పోయే సరుకు యజమానికి చట్టంలో చోటుంది. ఉర్సుకు పోయే ఖాలాకు లేదు. నష్టపరిహారం ఇవ్వాల్సింది బండి యజమాని. అంటే పోయేదీ మన ఇంటి మనిషే, బాకీ పడేదీ మన ఇంటి మనిషే. ప్రీమియం కడుతున్నాం కదా, భరోసా ఉంది కదా అనుకునేవాళ్లు ఈ ఒక్క పేరా మళ్లీ చదవండి.

మన చుట్టుపక్కల ఏం జరిగిందో మరిచిపోయామా? 2018 మార్చి 25న మెండోరా దగ్గర కిక్కిరిసిన ఆటో వ్యవసాయ బావిలో పడి కనీసం పది మంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. మోర్తాడ్‌కు అదేమంత దూరం? 2022 మే 8న నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర, ఒక ఇంటి కర్మకాండకు పోయివస్తున్న జనం ఎక్కిన సరుకు బండిని లారీ ఢీకొంటే తొమ్మిది మంది పోయారు. వీటికి కారణం కమాన్ అని నేను అనడం లేదు. కానీ రెండు చోట్లా ఒకటి కనిపిస్తుంది. బండికి ఎంత జనం, ఏ జనం తగునో ఆ బండి చెప్పింది ఒకటి, మనం ఎక్కించింది ఇంకొకటి. సరుకు డాలాలో సీటు లేదు, బెల్టు లేదు, పట్టుకునేందుకు పక్క మనిషి భుజం తప్ప ఏమీ లేదు. మావాడి కమ్రాలోనూ పడకలున్నాయి గానీ బెల్టులు లేవు.

ఇదంతా చెప్పాక ముమానీ నన్ను ఒక్క మాట అడిగింది. "మరి నన్ను ఎట్ల తీస్కపోతరు బేటా?"

ఆ సవాల్ నన్ను చాలాసేపు ఆపింది. ఎందుకంటే కమ్రా కట్టించడం వెనక షౌక్ ఒక్కటే లేదు, మజ్బూరీ ఉంది. ముమానీకి మోకాళ్లు పనిచేయవు. కిందటిసారి ఊరుగాని ఊళ్లో రాత్రి పదకొండుకు లాడ్జి కౌంటర్ దగ్గర పేర్లు అడిగేదాకా రూములున్నాయి, పేర్లు చెప్పాక లేవు. ఆ రాత్రి బస్టాండు బెంచీల మీద కూర్చుని తెల్లవార్చారు. ఆడపిల్లలకు బాత్‌రూం కోసం పెట్రోల్ బంకులో బతిమాలుకోవాల్సి వచ్చింది. అప్పుడే మావాడు తీర్మానం చేసుకున్నాడు, ఇక మన కమ్రా మన వెంటే రావాలని. అతని ఇజ్జత్‌కు తగిలిన దెబ్బకు జవాబు ఆ కమ్రా. దాన్ని నేను షౌక్ అని కొట్టేస్తే అది బేఇన్సాఫీ.

కాబట్టి వద్దు అని చెప్పి లేచి రాలేదు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఇంకో ఇంతిజామ్ ఆలోచించాం. మీకూ పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మొదటిది, బండిని బండిలాగే ఉంచాలి. లారీ పట్టీలు తీసేసి, ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన కమాన్ కట్ట కొత్తది వేయించాలి. పాత పట్టీలు కూర్చుపోయి ఉంటే కొత్త కట్ట వేయడం మరమ్మతు, అందులో తప్పు లేదు. దాంతో పాటు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, యు బోల్టులు కూడా కొత్తవి. కొన్నాళ్లు నడిచాక బోల్టులు మళ్లీ బిగించుకోవాలి. బ్రేకు లైనర్లు విప్పి చూడాలి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గుండుకు మిషను పట్టినట్టున్న టైరుకు, పైకి బాగుండి పదేళ్ల కిందట పుట్టిన టైరుకు పెద్ద ఫరక్ లేదు. టైరు మీద లోడ్ నంబరు కూడా ఉంటుంది. 100 అంటే ఆ ఒక్క టైరు 800 కిలోలు, 108 అంటే 1000 కిలోలు మోస్తుందని అర్థం.

రెండోది, కమ్రా దిగాలి, డేరా ఎక్కాలి. ఇనుప కమ్రా 540 కిలోలైతే మంచి తిర్పాల్ డేరా, మడత మంచాలు, పర్దా కట్టిన చిన్న బాత్‌రూం చట్రం అన్నీ కలిపి వంద కిలోలు దాటవు. నీళ్లు ఊరు నుంచి మోయక్కర్లేదు, ఉర్సు జాగాకు చేరాక నింపుకోవచ్చు. అప్పుడు పికప్ మోసేది సామానే, అదీ దాని ఆర్‌సీ లెక్కలోపలే. పడుకునేందుకు మన జాగా మన వెంట వచ్చినట్టే, లాడ్జివాడి దయ మీద ఉండే పనీ లేదు.

మూడోది, మనుషులు సీట్లున్న బండిలో పోవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. నడవగలిగినవాళ్లు మోర్తాడ్ నుంచి ఆర్మూర్, నిజామాబాద్ మీదుగా వర్ని వైపు బస్సుల్లో పోవచ్చు. అక్కడి నుంచి గుట్ట దాకా ఇంటి మగవాళ్లు ఎదురొస్తారు. ముమానీ లాంటి వాళ్ల కోసం ఒక కారు కిరాయి. కమ్రాకు, పట్టీలకు అయిన ఖర్చుతో పోలిస్తే అది ఎన్ని ఉర్సుల కిరాయో మావాడే లెక్క చెప్పాడు, నవ్వుతూ కాదు.

ఇది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. ఉర్సు రోజుల్లో బస్సుల్లో కాలు పెట్టే జాగా ఉండదు. అందుకని మస్జిద్ కమిటీలు, జమాతుల పెద్దలు చేయాల్సిన పని కూడా ఉంది. ఉర్సు తారీఖు ముందే తెలుస్తుంది. నెల ముందే డిపో మేనేజర్‌కు దర్ఖాస్తు పెట్టి స్పెషల్ బస్సులు అడగండి. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక బస్సు మాట్లాడుకోండి. జుమా తర్వాత చందాలు అడగడానికి మైకు తీసుకుంటాం, ఈ మాట చెప్పడానికి కూడా ఒకసారి తీసుకోండి. ఇక మిస్త్రీ భాయ్‌లకు ఒక గుజారిష్. మీ చేతిలో హునర్ ఉంది. ఆర్‌సీ చూడకుండా పట్టీ వేయకండి. ఆ బండిలో ఎవరు ఎక్కుతారని ఒక్క మాట అడగండి.

మావాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కమ్రా కిందికి దించాడు, అంతవరకు నిజం. అది ఇప్పుడు వాళ్ల వాకిట్లో ఇటుకల మీద ఉంది. పిల్లలు అందులో హోంవర్క్ చేసుకుంటున్నారు, ముమానీ జొహర్ తర్వాత అందులోనే కునుకు తీస్తోందట. లారీ పట్టీలు మాత్రం ఇంకా బండికే ఉన్నాయి. పసుపు సీజన్ వస్తోంది, అప్పటిదాకా ఉండనీ అంటున్నాడు. నేను రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, ఉర్సు దాకా ఆగకండి, రేపే ఆర్‌సీ తీసుకుని ధర్మకాంటాకు పోండి.